వదులు చేసిన పట్టీ

తాతకి బిగుతు గిట్టదు. చొక్కా చంకలో పట్టేసినా, నడుం దగ్గర బొత్తాం లాగినా అది వేసుకున్నవాడి ఒంటి తప్పు కాదు, కుట్టినవాడి తప్పు అంటాడు. నలభై ఏళ్ళుగా మా ముందుగదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఆయన చేస్తున్నది మనుషులకి ఊపిరాడేలా బట్టలు కుట్టడమే. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా ముందు చెప్పే మాట ఒకటే.

"పొట్ట లోపలికి పీల్చకు. ఇంటికెళ్ళాక ఎలాగూ వదులుతావుగా."

అందుకే బీపీ చూసే మిషను పట్టీని తాత విప్పి మళ్ళీ కుట్టినప్పుడు నాకు అందులో వింతేమీ కనబడలేదు. కనబడి ఉంటే బాగుండేది.

ఆ మిషను మా ఇంటికి వచ్చింది తాత కిడ్నీల వల్ల. ఒకరోజు మధ్యాహ్నం బడిపిల్లల యూనిఫారాలు కత్తిరిస్తూ ఉన్నట్టుండి బల్ల మీద రెండు చేతులూ ఆన్చి ఆగిపోయాడు. ఊపిరి అందడం లేదు. గుండెల్లో నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు. అమ్మా నేనూ బండి మాట్లాడుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బీపీ రెండువందల పది ఉందన్నారు. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు మందులిచ్చి తీసేశారు. రెండు రోజులాగి స్కానింగు చేస్తే తెలిసింది, తాత ఎడమ కిడ్నీ సగానికి సగం కుంచించుకుపోయిందని.

కిడ్నీల డాక్టరమ్మ మాకు ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆవిడ గొంతు చిన్నది. విసుక్కోదు. అడిగింది మళ్ళీ అడిగినా మొదటిసారి చెప్పినట్టే చెప్తుంది.

"పెద్దాయనా, మీ కిడ్నీలో ముందు జబ్బేమీ లేదు. జబ్బు దానికి రక్తం తీసుకొచ్చే నాళంలో ఉంది. లోపలి గోడకి ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకుని గట్టిపడిపోయింది. ఎడమవైపు నాళం దాదాపు మూసుకుపోయింది. కుడివైపు సగానికి పైగా సన్నబడింది."

"అలా గుండెకి అవుతుందంటారు కదండీ," అన్నాడు తాత.

"నాళాలు ఎక్కడుంటే అక్కడ అవుతుంది. సిగరెట్లు ఎన్ని కాలుస్తారు?"

"ఒకటో రెండో."

"పెట్టెలా?" అంది డాక్టరమ్మ తల ఎత్తకుండానే. అమ్మ పక్కకి తిరిగి నవ్వు దాచుకుంది. తాత కాగితం మీది బొమ్మని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

రక్తం తక్కువగా అందితే కిడ్నీ ఏమనుకుంటుందో కూడా ఆవిడే చెప్పింది. ఒంట్లోనే రక్తం తగ్గిపోయిందనుకుంటుందట. బీపీ పెంచమని కబురు పంపుతుందట. పెరిగిన బీపీ మిగతా నాళాలని ఇంకాస్త పాడు చేస్తుంది, అవి సన్నబడితే కిడ్నీ మళ్ళీ అదే కబురు పంపుతుంది.

"అంటే అబద్ధం చెప్తోందన్నమాట," అన్నాడు తాత.

"దానికి తెలిసినంతలో నిజమే చెప్తోంది."

ఎడమది ఇక బాగుపడదని, ఉన్నదల్లా కుడిదేనని చెప్పింది. బీపీకి రెండు మాత్రలు, కొవ్వుకి ఒకటి, రక్తం గడ్డకట్టకుండా ఒకటి. ఉప్పు తగ్గించాలి. సిగరెట్టు తగ్గించడం కాదు, మానెయ్యాలి. ఒంటినొప్పులకి దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు ముట్టుకోకూడదు. చివర్లో ఇంకో మాట చెప్పింది. అప్పుడు నాకు అది మామూలు మాటలాగే వినబడింది.

"బీపీ ఎక్కువున్నా ప్రమాదమే, మరీ తగ్గించేసినా ప్రమాదమే. సన్నబడిపోయిన దారిలోంచి రక్తం వెళ్ళాలంటే వెనకనుంచి కొంచెం తోపు ఉండాలి. ఆసుపత్రిలో చూసే అంకె నేను పెద్దగా నమ్మను. పరగడుపున వస్తారు, రక్తం ఇచ్చేదాకా మాత్ర వేసుకోరు, రెండు గంటలు బల్ల మీద కూర్చుంటారు. ఇంట్లో రోజూ పొద్దునా సాయంత్రం చూసి రాసి తెండి. దాన్నిబట్టే మందు."

"మా పిల్ల రాస్తుంది," అన్నాడు తాత. "దానికి మాట్లాడటం రాదుగానీ రాయడం బాగా వచ్చు."

అలా ఆ పని నాది అయింది. వేరే పుస్తకం కొనలేదు. నేను నా రోజులు రాసుకునే పుస్తకాన్నే తిరగేసి, చివరి పేజీ నుంచి తాత అంకెలు రాయడం మొదలుపెట్టాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఎక్కడ అటువైపు తిప్పుతుందోనని ఆవిడ వేళ్ళనే చూస్తూ ఉండేదాన్ని.

మొదటి నెల అంకెలు బాగున్నాయి. నూట నలభై, నూట ముప్ఫై ఎనిమిది, నూట నలభై రెండు. క్రియాటినిన్ ఒకటి పాయింటు తొమ్మిది. రక్తంలో కిడ్నీ వడకట్టలేక వదిలేసిన మలినం ఎంత మిగిలిందో చెప్పే లెక్క అది. పెరుగుతోందంటే కిడ్నీ తరుగుతోందని. "ఇక్కడే నిలబెడదాం," అంది డాక్టరమ్మ.

తాతకి మాత్రం ఆ పట్టీ పడలేదు. గాలి నిండి చెయ్యి బిగుసుకుంటుంటే మొహం అదోలా పెట్టేవాడు. ఒక ఆదివారం పొద్దున దాన్ని కత్తిరించే బల్ల మీద పరిచి, కళ్ళజోడు పైకి తోసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని కుట్టినవాడు దర్జీ కాడు. చెయ్యి చెక్కతో చేసిందనుకున్నాడు."

"నాన్నా, దాని జోలికెళ్ళకు," అంది అమ్మ కాజాలు కుడుతూ.

"నేను లోపలి గాలితిత్తిని ముట్టుకుంటానా? పైగుడ్డే కదా."

పట్టీ అంటుకునే వెల్క్రో ముక్కని విప్పి మూడు వేళ్ళ దూరం జరిపాడు. చర్మానికి గరుకు తగలకుండా లోపలివైపు మెత్తటి ఉన్నిగుడ్డ అస్తరు వేశాడు. చూపు ఆనక సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చాడు. ఎక్కించాను. కుట్లు ఎంత సన్నగా పడ్డాయంటే ఫ్యాక్టరీ కుట్టు దాని ముందు సిగ్గుపడాలి. కట్టుకుని గాలి నింపి చూసి "ఇదీ పట్టీ అంటే," అన్నాడు. వారం తిరిగేసరికి కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించాడు. పాలాయన వాళ్ళమ్మది కూడా తెస్తానన్నాడు.

ఆ ఆదివారం నుంచే అంకెలు పెరిగాయి. నూట అరవై రెండు, నూట అరవై ఎనిమిది, నూట డెబ్భై. నేను గుండ్రటి అక్షరాలతో, గీతలు కొట్టి, తేదీలు వేసి రాశాను. జబ్బు ముదురుతోందనుకున్నాం. ఆ నెల డాక్టరమ్మ మూడో మాత్ర కలిపింది. క్రియాటినిన్ రెండు. పై నెల నాలుగో మాత్ర కలిపి, ఉన్నవాటి మోతాదు పెంచింది. క్రియాటినిన్ రెండున్నర. ఆవిడ పుస్తకం మూసింది.

"మూడు మాత్రలకీ బీపీ లొంగలేదు. కిడ్నీ పని తగ్గుతోంది. వచ్చేసారికి కూడా ఇలాగే ఉంటే కుడివైపు నాళంలో స్టెంటు పెట్టాల్సి రావచ్చు. తొడ దగ్గరనుంచి సన్నటి తీగ పంపించి, సన్నబడినచోట చిన్న జాలీ గొట్టం పెట్టి తెరిచి ఉంచుతారు."

"పెడితే బాగవుతుందా?" అంది అమ్మ.

"కొందరికి చాలా మేలు చేస్తుంది. అందరికీ కాదు. మీ నాన్నగారికి ఉన్నది ఒక్క కిడ్నీయే. లోపలికి ఎక్కించే రంగుమందు దానికి పడకపోవచ్చు. గోడకున్న కొవ్వు పలుకులు ఊడి లోపలికి కొట్టుకుపోవచ్చు. అలా జరిగితే డయాలసిస్ తప్పదు. అవసరం లేకుండా అందులో చెయ్యి పెట్టను. అవసరమనిపిస్తే ఆలస్యం చెయ్యను."

ఇంటికొచ్చాక తాత సిగరెట్టు నిజంగానే మానేశాడు. అంతవరకూ పెరట్లో మొక్కలకి నీళ్ళు పోసే వంకతో కాల్చేవాడు. ఇక మొక్కలకి నీళ్ళు పొయ్యడం కూడా మానేశాడు.

ఆ రోజుల్లోనే ఆయనకి కళ్ళు తిరగడం మొదలైంది. మిషను ముందునుంచి లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకుని కొంచెంసేపు కళ్ళు మూసుకునేవాడు. ఒకసారి పట్టు తప్పి గుడ్డల తాన్ల మీద కూలబడ్డాడు. నేను పరుగెత్తుకెళ్తే, "మీ అమ్మకి చెప్పకు. మెత్తగా ఉందని కూర్చున్నానంతే," అన్నాడు.

ఇక ఆసుపత్రికి రెండు రోజులుందనగా అమ్మకి తలనొప్పి వచ్చింది. తాత, "ఓసారి దాని బీపీ కూడా చూడమ్మడూ," అన్నాడు. చూశాను. నూట యాభై నాలుగు. అమ్మ మొహం పాలిపోయింది. తనకి కూడా అదే జబ్బు వచ్చిందనుకుంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఊరి ఆరోగ్యకేంద్రానికి వెళ్ళాం. అక్కడి నర్సు రెండుసార్లు చూసింది.

"నూట పదహారు. నీకు బీపీ ఏంటమ్మా? నీకుంది నిద్ర తక్కువ. పో, పోయి పడుకో."

అమ్మ దారంతా నవ్వుతూ వచ్చింది. నాకు నవ్వు రాలేదు. నర్సు కట్టిన పట్టీ అమ్మ చేతికి అతుక్కుపోయి ఉంది. మాది కడితే చేతికీ పట్టీకీ మధ్య నా పిడికిలి దూరుతుంది.

ఆ మధ్యాహ్నం తాత కునుకు తీస్తున్నప్పుడు మిషను వెనకగదిలోకి తీసుకెళ్ళాను. ముందు ఉన్నదున్నట్టు నాకే కట్టుకుని చూశాను. నూట ముప్ఫై ఆరు. తర్వాత పట్టీని మునుపటి పొడవుకి మడిచి నాలుగు టాకాలు వేసి చూశాను. నూట ఆరు. టాకాలు విప్పితే నూట ముప్ఫై ఎనిమిది. పుస్తకం తీసి రాసిన పేజీలన్నీ తిప్పి చూశాను. రెండు నెలలపైగా నేను రాసిన ప్రతి అంకె తప్పు. ఆ అంకెల్ని చూసే డాక్టరమ్మ మాత్రలు పెంచింది. అంటే తాత బీపీ నిజానికి ఎంతకి పడిపోయిందో. వెనకనుంచి తోపు ఉండాలని ఆవిడ అంది కదా.

అమ్మకి చెప్పాను. అమ్మ చేతిలో ఉన్న చొక్కా ఒళ్ళో పెట్టుకుంది.

"నాన్నకి చెప్తే?"

"ఒప్పుకోడు."

"ఒప్పుకోడు," అంది అమ్మ కూడా. "ఆయన కుట్టింది తప్పని ఇంతవరకూ ఎవరూ అనలేదు. డాక్టరమ్మకి చెప్పు. నేను రాలేను, రేపు సాయంత్రానికి అరవై యూనిఫారాలివ్వాలి. రాసినదానివి నువ్వే కదా, నువ్వే చెప్పాలి."

మర్నాడు బీపీ మిషను సంచిలో అడుగున పెట్టుకుని తాతతో బస్సెక్కాను. ఈసారి రక్తం ముందే ఇచ్చేశాం కాబట్టి ఆయన తినే వచ్చాడు, నాలుగు మాత్రలూ వేసుకునే వచ్చాడు. గంట ప్రయాణం. చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి తాత కిటికీలోంచి ఎవరి చొక్కానో చూసి, "భుజం జారింది చూడు, కొలత తియ్యడం రాదు వీళ్ళకి," అన్నాడు. రెండోసారి టిక్కెట్లాయన వచ్చాడు. మూడోసారి ఎవరూ రాలేదు. నాకే మాట రాలేదు.

ఆసుపత్రిలో బీపీ, బరువు చూసే నర్సుకి మేం తర్వాతమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఆవిడ నోట ఆ ఒక్క మాట తప్ప రాదు. తాత చెయ్యి పట్టుకుని చూసింది. నూట నాలుగు. చీటీ మీద రాసి, మా వంక చూడకుండానే, "తర్వాత," అంది.

డాక్టరమ్మ ముందు రక్తం రిపోర్టు చూసింది. క్రియాటినిన్ మూడూ ఒకటి. తర్వాత చీటీ, తర్వాత నా పుస్తకం.

"ఇవాళ తక్కువుంది. కళ్ళు తిరుగుతున్నాయా పెద్దాయనా?"

"లేదండీ, బ్రహ్మాండంగా ఉన్నాను," అన్నాడు తాత.

ఆవిడ పేజీలు తిప్పింది. ఒక్కరోజు అంకె ఒకవైపు, రెండు నెలల గుండ్రటి అక్షరాలు ఒకవైపు. వేలు పెట్టి వరసగా కిందికి చదువుకుంటూ వెళ్ళింది. ఆ పుస్తకం అంత శుభ్రంగా ఉండకపోతే బాగుండేదని మొదటిసారి అనుకున్నాను.

"ఒక్కరోజు చూసి ఆగలేను. ఇంట్లో ఒక్కరోజు కూడా నూట నలభైకి దిగలేదు. సోమవారం చేరండి. స్టెంటు పెట్టే డాక్టరుగారితో మాట్లాడతాను."

తాత తలూపాడు. భయపడితే ఆయన మెడ కొంచెం ముందుకి వంగుతుంది. డాక్టరమ్మ కలం మూత తీసి రాయడం మొదలుపెట్టింది. సగం పదం రాసింది.

"ఆ అంకెలు తప్పు," అన్నాను.

కలం ఆగింది. నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినబడింది. మళ్ళీ అనాల్సి వచ్చింది. "అవి తప్పండీ. పట్టీ వదులుగా ఉంది. కళ్ళు కూడా తిరుగుతున్నాయి. మొన్న పడిపోయాడు."

"ఏంటే పిల్లా," అన్నాడు తాత.

సంచిలోంచి మిషను తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ పట్టీని అటూ ఇటూ తిప్పింది. లోపలి అస్తరు వేళ్ళతో తడిమింది. తన పట్టీ తాత చేతికి కట్టి చూసింది. నూట రెండు. రెండు నిమిషాలాగి మాది కట్టింది. నూట నలభై. తాతని నిలబెట్టి మళ్ళీ తనది కట్టింది. ఎనభై ఎనిమిది. నిలబడినవాడు బల్ల పట్టుకున్నాడు.

"ఎవరు కుట్టారిది?"

"నేనే," అన్నాడు తాత.

"సూదిలో దారం నేనెక్కించాను," అన్నాను.

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "పట్టీ చేతికి అతుక్కుని ఉంటే కొంచెం గాలితోనే లోపలి నాళాన్ని నొక్కుతుంది. వదులైతే ముందు ఆ ఖాళీ నిండాలి, అస్తరు నలగాలి, అప్పుడు గాని నొక్కదు. ఆ ఎక్కువ గాలంతా అంకెలో కలుస్తుంది. దాన్ని చూసి నేను మాత్రలు కలుపుకుంటూ పోయాను. బీపీ పడిపోయి కిడ్నీకి రక్తం అందక ఎండింది." తర్వాత తను సగం రాసిన కాగితాన్ని నిలువుగా చింపింది. "సోమవారం వద్దు. రెండు మాత్రలు ఇవాళే ఆపేద్దాం. రెండు వారాలకి రక్తం చూద్దాం. పట్టీ కొత్తది కొనండి. దాన్ని ఎవరూ బాగు చెయ్యకండి."

బస్సులో తాత నాతో మాట్లాడలేదు. ఇంటికెళ్ళాక కూడా. పాలాయన వాళ్ళమ్మ పట్టీ తెస్తే, "నేను చెయ్యను. అది అలాగే ఉండాలి," అని వెనక్కి పంపేశాడు. మూడో రోజు పొద్దున కొత్త పట్టీతో ఆయన చెయ్యి బిగుస్తుండగా గోడవైపు చూస్తూ అన్నాడు.

"డాక్టరమ్మ ముందా చెప్పేది? బస్సులో చెప్పొచ్చుగా."

"బస్సులో చెప్తే ఒప్పుకునేవాడివా?"

గాలి దిగేదాకా ఆలోచించాడు. "లేదు," అన్నాడు. "ఎంతొచ్చింది?"

"నూట ముప్ఫై."

"రాయి."

రెండు వారాలకి క్రియాటినిన్ రెండూ ఏడుకి దిగింది. నెలన్నరకి రెండూ నాలుగు. ఆ తర్వాత రెండుసార్లు చూసినా అక్కడే ఉంది. ఒకటీ తొమ్మిదికి మాత్రం రాలేదు. ఆ మధ్య మిగిలిపోయిన తేడా నన్ను తినేస్తుండేది. ఒకసారి తాత బరువు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మని అడిగేశాను.

"అది మా వల్లేనా?"

ఆవిడ వెంటనే కాదనలేదు. అందుకే ఆవిడ మాట నమ్మాను.

"కొంత. ఎంతో నేను చెప్పలేను. ఈ జబ్బు దానంతటదే కూడా కొంచెం కొంచెం నడుస్తుంది. కొంత నా వల్ల కూడా. మాత్రలకి లొంగని బీపీ అనుకున్నానే గాని, పట్టీ చూపించమని ఒక్కసారి అడగలేదు."

తాత లోపలికొచ్చాక అసలు మాట చెప్పింది. స్టెంటు ఇప్పటికి అవసరం లేదు. ఇలాగే నిలబడితే ఏళ్ళు గడవచ్చు. కానీ ఉన్న ఒక్క కిడ్నీ ముప్పావు వంతు పని మానేసింది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు డయాలసిస్ రావచ్చు. అప్పుడు రక్తం తీసి మిషన్లో కడిగి మళ్ళీ ఎక్కించేది చేతి నరంలోంచే కాబట్టి, ఆ రోజు కోసం ఒక చేతిలో నరాలని ఇప్పటినుంచే కాపాడుకోవాలి. ఆ చేతికి సూది గుచ్చనివ్వకూడదు, బీపీ పట్టీ కట్టనివ్వకూడదు.

"మీరు పని ఎక్కువ చెయ్యని చెయ్యి ఏది పెద్దాయనా?"

"దర్జీకి అలాంటి చెయ్యి ఉంటుందా తల్లీ?" అన్నాడు తాత. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసుకున్నాడు. "గుడ్డ తోసేది ఎడమది. కత్తెర పట్టేది కుడిది. గుడ్డ నెమ్మదిగా అయినా తోసుకోవచ్చు. ఎడమది రాసుకోండి."

వెళ్ళేముందు రక్తం ఇవ్వాలి. రక్తం తీసే ఆయన అలవాటుగా తాత ఎడమచెయ్యి లాగి రబ్బరు గొట్టం చుట్టబోయాడు. తాత చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఇది కాదు బాబూ. దీన్ని దాచిపెట్టాం."

"దేనికి?" అన్నాడాయన.

"దేనికో తర్వాత చూసుకుందాం," అంటూ తాత కుడిచేతి చొక్కా మడతపెట్టుకోవడం మొదలుపెట్టాడు.